మలివయసులో ఎడారి నగరం: ఫీనిక్స్ ఎండ వెనుక ఉన్న లెక్కలు

క్లుప్తంగా

ఉద్యోగ విరమణ తర్వాత మంచు ప్రాంతాలను వదిలి అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి, ముఖ్యంగా ఫీనిక్స్ నగరానికీ దాని చుట్టూ ఉన్న పట్టణాలకూ తరలిపోవడం ఆరు దశాబ్దాలకు పైగా సాగుతున్న వలస. వెలుతురు, వెచ్చదనం దీనికి ఆకర్షణలే అయినా, ఆ ఎడారిలో మనిషి హాయిగా బతకగలగడం ఏసీ, కారు, కాలువ నీరు అనే మూడు ఏర్పాట్ల మీద ఆధారపడి ఉంది. చాలామంది అక్కడికి వెళ్లేది అరవై అయిదేళ్ల ప్రాయంలో. ఆ ఏర్పాట్లు తప్పిపోకుండా డబ్బు పెట్టి, కనిపెట్టుకుని నడుపుకోవలసిన అవసరం ప్రాణావసరంగా మారేది ఎనభై దాటాక. ఈ రెండు వయసుల మధ్య దూరాన్ని కొలవకపోవడమే ఈ నిర్ణయంలో తరచు దొర్లే లోపం.

సందేహం ఇప్పుడు ఎందుకు

2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజుల పాటు పగటి ఉష్ణోగ్రత 43.3 డిగ్రీల సెల్సియస్‌కు, అక్కడి లెక్కలో 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, తగ్గలేదు. ఆ ఏడాది జూలైలో రాత్రీ పగలూ కలిపి నెల సగటే 39.3 డిగ్రీలు. మరుసటి ఏడాది 37.8 డిగ్రీలు, అంటే 100 డిగ్రీల ఫారన్‌హీట్, తాకిన లేదా దాటిన రోజులు వరుసగా 113 నమోదయ్యాయి. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో 2023లో వేడి కారణంగా 645 మంది మరణించారని అక్కడి ప్రజారోగ్య విభాగం తేల్చింది; 2024లోనూ ఆ సంఖ్య ఆరు వందలు దాటింది.

ఇంత ఎండలోకి వృద్ధులు కోరి వెళ్లడమేమిటన్న ప్రశ్న సహజం. అయితే అలా వెళ్లేవారంతా తెలియక వెళ్తున్నారనుకోవడం సరికాదు. జనవరిలో షికాగోలో కాలిబాట మీద మంచు గడ్డకట్టి, జారిపడితే తుంటి ఎముక విరిగే పరిస్థితి ఉన్నప్పుడు ఫీనిక్స్‌లో మధ్యాహ్నం ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏడాదికి పడే వాన 20 సెంటీమీటర్లలోపే. కీళ్లు పట్టేసిన మనిషికి, మంచు పారతో ఎత్తిపోసే ఓపిక లేని మనిషికి ఇది చిన్న సౌకర్యం కాదు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆ లాభం ఏడాదిలో ఏడు నెలలదైతే దానికి చెల్లించే మూల్యం మిగిలిన అయిదు నెలల్లో, అదీ ఏటేటా కొంచెం ఎక్కువగా, ఎదురవుతుంది.

పత్తి చేలలో వెలిసిన ఊరు

అరిజోనాకు ఆరోగ్యం కోసం వెళ్లడం ఏసీ కంటే ముందు నుంచీ ఉంది. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో క్షయ రోగులు పొడిగాలి కోసం టూసాన్‌కూ ఫీనిక్స్‌కూ తరలివచ్చారు. స్తోమత ఉన్నవారు శానటోరియంలలో చేరితే, లేనివారు ఊరి శివార్లలో గుడారాలు వేసుకుని పడుకున్నారు. ఇప్పుడు ఫీనిక్స్‌లో కలిసిపోయిన సన్నీస్లోప్ ప్రాంతం అలాంటి గుడారాల నుంచి ఎదిగినదే.

వృద్ధాప్యానికి ప్రత్యేకంగా ఊరు కట్టాలన్న ఆలోచన 1954లో యంగ్‌టౌన్‌తో మొదలైంది. దాన్ని పెద్ద వ్యాపారంగా మార్చినవాడు డెల్ వెబ్. ఆయన భవన నిర్మాణ కాంట్రాక్టరు, న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టుకు సహ యజమాని కూడా. ఫీనిక్స్‌కు వాయవ్యంగా పత్తి పండే భూముల్లో ఆయన సంస్థ 1960 జనవరి 1న సన్ సిటీని ప్రారంభిస్తే, ఆ మొదటి మూడు రోజుల్లో చూడవచ్చినవారు సుమారు లక్ష మంది అని లెక్క. అప్పటికి ఇళ్లు అమ్మేవారి రివాజు ముందు ఇళ్లు కట్టి, సదుపాయాలు తర్వాత కల్పిస్తామని మాట ఇవ్వడం. వెబ్ సంస్థ దాన్ని తిరగేసింది: గోల్ఫ్ మైదానం, దుకాణాల సముదాయం, వినోద కేంద్రం సిద్ధం చేసి మరీ ఇళ్ల తలుపులు తెరిచింది. ముసలితనంలో ఒంటరిగా పడి ఉండటమే గతి అనుకునే తరానికి ‘చురుకైన విశ్రాంతి’ అనే కొత్త జీవన పద్ధతిని అమ్మిందన్నమాట.

ఆ అమ్మకం ఫలించడానికి వెనుక మరికొన్ని శక్తులు పనిచేశాయి. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం వల్ల నెలనెలా వచ్చే పింఛను ఏ రాష్ట్రంలో ఉన్నా అందుతుంది. యుద్ధానంతరం కొనుక్కున్న ఇళ్ల ధరలు పెరగడంతో ఉత్తరాదిన ఇల్లు అమ్మినవారి చేతిలో కొత్త ఇంటికి సరిపడా డబ్బు మిగిలింది. 1965లో వృద్ధుల కోసం మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య బీమా వచ్చాక వైద్య ఖర్చుల భయం కూడా కొంత తగ్గింది. 1950లో లక్షా ఏడు వేల జనాభా ఉన్న ఫీనిక్స్ 2020 నాటికి 16 లక్షలు దాటి అమెరికాలో అయిదో పెద్ద నగరమైంది.

పన్నుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అరిజోనాలో 2023 నుంచి ఆదాయపు పన్ను అందరికీ ఒకే రేటు, 2.5 శాతం. సోషల్ సెక్యూరిటీ పింఛనుపై రాష్ట్రం పన్ను వేయదు. వారసత్వ ఆస్తిపైనా వేయదు. కాలిఫోర్నియా నుంచి వచ్చేవారికి ఈ తేడా గణనీయం. ఇల్లినాయ్ నుంచి వచ్చేవారికి అంతగా కాదు, ఎందుకంటే ఆ రాష్ట్రం పింఛను ఆదాయాన్ని ఎలాగూ మినహాయిస్తుంది. అక్కడ వారిని తరిమేది ఇంటి పన్ను. ‘అరిజోనాలో పన్నులు తక్కువ’ అనే మాట ఎవరికి ఎంత నిజమో బయలుదేరే ఊరిని బట్టి మారుతుంది.

పొడి ఎండ చేసే మోసం

కోస్తా జిల్లాల్లో మే నెల గడిపినవారికి 45 డిగ్రీలు కొత్త కాదు. రెంటచింతల పేరు వినగానే వేసవి గుర్తొచ్చే పాఠకులకు ఫీనిక్స్ అంకెలు అంత భయంకరంగా అనిపించకపోవచ్చు కూడా. ఇక్కడే పోలిక తప్పుదారి పట్టిస్తుంది.

విజయవాడ వేసవిలో చెమట ఆరదు. ఒళ్లు తడిసి ముద్దవుతుంది, ప్రాణం విసుగెత్తుతుంది, మనిషి తనంతట తానే నీడకు పోతాడు, మజ్జిగ తాగుతాడు. ఉక్కపోత బాధాకరమే కానీ అది హెచ్చరిక కూడా. ఫీనిక్స్‌లో జూన్ నెల గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చర్మం మీదికి వచ్చిన చెమట వచ్చినట్టే ఆవిరైపోతుంది; చొక్కా తడవదు. శరీరం లీటర్ల కొద్దీ నీరు కోల్పోతున్నా మనిషికి ఆ సంగతి తెలియదు. చెమట ఆవిరి కావడం వల్ల శరీరం చల్లబడుతుంది కాబట్టి అదే ఉష్ణోగ్రత దగ్గర పొడి వేడి తడి వేడి కంటే తట్టుకోదగినదే. కానీ ఆ చల్లదనం నీరున్నంతసేపే.

వయసు పైబడిన శరీరంలో ఈ యంత్రాంగం మూడు చోట్ల సడలుతుంది. స్వేద గ్రంథులు మునుపటంత చురుకుగా ఉండవు. దాహం వేయడం ఆలస్యమవుతుంది. నాలుక ఎండేసరికే ఒంట్లో నీరు తగ్గిపోయి ఉంటుంది. చర్మానికి ఎక్కువ రక్తాన్ని పంపి వేడిని బయటికి నెట్టాలంటే గుండె ఎక్కువ పనిచేయాలి, ఆ మిగులు శక్తి దానికి ఉండదు. వీటికి తోడు మందులు. రక్తపోటుకు వాడే నీటి మాత్రలు ఒంట్లో నీటిని తగ్గిస్తాయి, బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని పెరగనివ్వవు, మూత్రాశయ సమస్యలకు ఇచ్చే కొన్ని మందులు చెమటనే ఆపుతాయి. ఒహాయోలో ఏ ఇబ్బందీ పెట్టని మందుల చీటీ ఎడారిలో అపాయకరంగా మారవచ్చు. ఊరు మారేవారు ఇంటి పత్రాల మీద సంతకం కంటే ముందు ఈ చీటీని వైద్యుడికి మళ్లీ చూపించుకోవడం మేలు.

రెండో తేడా రాత్రుల్లో ఉంది. ఎడారిలో రాత్రులు చల్లబడతాయని పాఠ్య పుస్తకాలు చెబుతాయి. ఇసుక, రాళ్లు ఉన్నచోట అది నిజం. మైళ్ల కొద్దీ తారు, సిమెంటు పరచిన నగరం పగలు పీల్చుకున్న వేడిని రాత్రంతా వదులుతూనే ఉంటుంది. 2023 జూలై 19న ఫీనిక్స్‌లో కనిష్ఠ ఉష్ణోగ్రతే 36 డిగ్రీలు. శరీరానికి కోలుకునే వ్యవధి దొరకదు. వరుస రోజుల వేడి పోగుపడి దెబ్బతీస్తుంది. ఆ ఏడాది పెద్ద పెద్ద సాగ్వారో కాక్టస్ మొక్కలు సైతం కొమ్మలు రాలి కూలిపోయాయి. ఎడారిలో పుట్టి పెరిగిన మొక్కకే రాత్రి చల్లదనం కావలసి వచ్చింది.

మూడోది నేల. మధ్యాహ్నం తారు రోడ్డు 70 డిగ్రీలు దాటి కాగుతుంది. యువకుడు జారిపడితే వెంటనే లేస్తాడు. మోకాళ్లు సహకరించని పెద్దమనిషి తపాలా పెట్టె దగ్గర పడిపోయి, ఎవరైనా చూసేవరకు కొన్ని నిమిషాలు అలాగే ఉండిపోతే చర్మం లోతుగా కాలిపోతుంది. అక్కడి కాలిన గాయాల ఆసుపత్రి విభాగాలకు వేసవిలో ఇలాంటి కేసులు మామూలే.

మరణాల లెక్కను మాత్రం జాగ్రత్తగా చదవాలి. 2023 మృతుల్లో మూడింట రెండు వంతుల మంది 50 ఏళ్లు దాటినవారే అయినా, దాదాపు సగం మంది నిలువ నీడ లేనివారు; మాదకద్రవ్యాల పాత్ర ఉన్న మరణాలూ ఎక్కువే. గోల్ఫ్ మైదానం పక్కన సొంత ఇంట్లో ఉండే విశ్రాంత దంపతులు ఆ సంఖ్యలో పెద్ద భాగం కారు. కానీ ఇంటి లోపల జరిగిన మరణాలను విడదీసి చూస్తే అక్కడ వృద్ధులు, ఒంటరివారు ముందుకొస్తారు. ఆ ఇళ్లలో ఎక్కువ భాగం ఏసీ ఉండీ పనిచేయనివి.

ఏసీ అంటే ఇక్కడ ఏమిటి

1930లలో ఫీనిక్స్ ఇళ్లకు మొదట వచ్చినవి మన దగ్గర గడ్డి తెరలు పెట్టి వాడే ఎయిర్ కూలర్ల లాంటివే. జూన్‌లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అవి అద్భుతంగా పనిచేస్తాయి. జూలై నుంచి సెప్టెంబరు వరకు అక్కడా ఒక రకం వర్షాకాలం వస్తుంది. గాలిలో తేమ పెరగగానే కూలర్ చేతులెత్తేస్తుంది, గుంటూరులో లాగానే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అసలు ఏసీలు చవకయ్యాకనే ఏడాది పొడవునా ఆ నగరంలో ఉండటం సామాన్యులకు వీలైంది.

కాబట్టి ఫీనిక్స్‌లో ఏసీ అంటే సౌఖ్యం కోసం పెట్టుకునే యంత్రం కాదు, ఊపిరికి అవసరమైన సాధనం. ఏడాదిలో నెలల తరబడి రాత్రీ పగలూ నడవడం వల్ల పది పదిహేనేళ్లలో దాన్ని మార్చవలసి వస్తుంది. ఇంటి పైకప్పు మీద ఉండే పెద్ద యంత్రాన్ని మార్చడానికి ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. 65 ఏళ్లప్పుడు కొత్త ఏసీతో కొన్న ఇంట్లో, ఆ యంత్రం మొరాయించేనాటికి యజమాని ఎనభైకి చేరువవుతాడు. దాన్ని ముందుగా గుర్తించి, మరమ్మతువాడిని పిలిపించి, బేరం చూసి కొత్తది పెట్టించే చొరవ, నగదు ఆ వయసులో ఉన్నాయా లేదా అన్నదే అసలు పరీక్ష.

బిల్లు విషయానికొస్తే, విద్యుత్ సంస్థలు పూట బట్టి ధర మార్చే పథకాలు అమ్ముతాయి. వారపు రోజుల్లో సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు యూనిట్ ధర ఎక్కువ ఉండటం అందులో ఒక రకం. తెలిసినవారు మధ్యాహ్నం మూడు గంటలకే ఇంటిని బాగా చల్లబరిచి, కిటికీ తెరలు దించి, నాలుగు కాగానే యంత్రాన్ని 27 డిగ్రీల దగ్గర ఉంచి ఏడింటి దాకా ఓపిక పడతారు. పింఛను మీద బతికేవారికి ఇది మంచి పొదుపు. అదే పొదుపు గుణం హద్దు దాటితే, అంటే ఖర్చుకు వెరచి జూలైలోనూ 31 డిగ్రీల దగ్గర పెట్టుకుని కూర్చుంటే, పొదుపే ప్రాణం మీదికి వస్తుంది.

2018 సెప్టెంబరులో సన్ సిటీ వెస్ట్‌లో జరిగిన ఒక సంఘటన ఈ సంగతిని రాష్ట్రమంతటికీ తెలియజేసింది. 72 ఏళ్ల మహిళ విద్యుత్ బిల్లులో చాలా భాగం కట్టి, 51 డాలర్ల పైచిలుకు బాకీ పడితే కనెక్షన్ తీసేశారు. కొద్ది రోజులకు ఆమె ఇంట్లోనే వేడికి మరణించి కనిపించింది. మరుసటి ఏడాది ఆ మరణం బయటపడి గగ్గోలు రేగాక, విద్యుత్ సంస్థలను నియంత్రించే అరిజోనా కార్పొరేషన్ కమిషన్, బకాయిల పేరుతో వేసవిలో అక్టోబరు 15 దాకా కరెంటు తీయకూడదని సంస్థలను ఆదేశించింది.

ఇల్లు ఏ రకమన్నదీ ముఖ్యమే. తక్కువ ఆదాయంతో రిటైరైనవారు మీసా, అపాచీ జంక్షన్ వంటి చోట్ల రేకుల గోడలున్న మొబైల్ హోముల్లో ఉంటారు. వేడికి ఇంటి లోపల జరిగే మరణాల్లో ఈ ఇళ్ల వాటా వాటి సంఖ్యకు ఎన్నో రెట్లు. ఇల్లు సొంతమైనా స్థలం అద్దెది కావడంతో కిటికీ ఏసీ బయటికి కనిపించకూడదని స్థల యజమానులు ఆంక్షలు పెట్టేవారు. 2024లో రాష్ట్ర చట్టం ఆ ఆంక్షలను తొలగించింది.

అందరికీ సమానంగా ఉన్న ప్రమాదం మరొకటుంది. వడగాలుల మధ్యలో నగరమంతటా కరెంటు పోతే ఏమవుతుందో లెక్కగట్టిన ఒక అధ్యయనం 2023లో వెలువడింది. అలాంటి పరిస్థితిలో ఫీనిక్స్‌లో సుమారు ఎనిమిది లక్షల మందికి అత్యవసర వైద్యం కావలసి వస్తుందని, పన్నెండు వేలకు పైగా మరణించవచ్చని అది అంచనా వేసింది. ఇంతవరకు అలా జరగలేదు. దగ్గరలోని పాలో వెర్డే అణు విద్యుత్ కేంద్రం, సౌర విద్యుత్ వల్ల అక్కడి సరఫరా గట్టిగానే ఉంది. ఇంత పెద్ద అణు కేంద్రం చల్లబడటానికి వాడేది నగరాల మురుగును శుద్ధి చేసిన నీరు కావడం ఎడారి పొదుపుకు మంచి ఉదాహరణ.

నీరు: భయం ఎక్కడ అసలైనది

కృష్ణా జలాల వివాదాలు చదివే తెలుగు పాఠకులకు కొలరాడో నది కథ కొత్తగా ఉండదు. 1922 నాటి ఒప్పందం నదిలో ఉన్న నీటి కంటే ఎక్కువ నీటిని పంచింది. దిగువ రాష్ట్రాల్లో అరిజోనా వాటా ఏడాదికి సుమారు 122 టీఎంసీలు. ఆ నీటిని ఫీనిక్స్, టూసాన్‌లకు తెచ్చే 540 కిలోమీటర్ల సెంట్రల్ అరిజోనా కాలువ ఒక భారీ ఎత్తిపోతల పథకం. దాన్ని 1968లో మంజూరు చేయించుకునేటప్పుడు అరిజోనా ఒక షరతుకు తలొగ్గింది: కరవు వస్తే కాలిఫోర్నియా వాటా కంటే ముందు ఈ కాలువ నీళ్లే కోత పడాలి. 2021 ఆగస్టులో మొదటిసారి నీటి కొరత ప్రకటించినప్పుడు సరిగ్గా అదే జరిగింది. 2022కు అరిజోనా దాదాపు 22 టీఎంసీలు, తన వాటాలో 18 శాతం, కోల్పోయింది. నది నిర్వహణకు 2007లో రాసుకున్న మార్గదర్శకాల గడువు 2026తో ముగుస్తుంది.

అయినా కుళాయి ఎండిపోతుందన్న భయం ఫీనిక్స్ నగరంలో ఇల్లు కొనేవారికి ఇప్పట్లో వర్తించేది కాదు. కారణాలు రెండు. 1980 భూగర్భ జల చట్టం ప్రకారం కొత్త లేఅవుట్‌కు వందేళ్లకు సరిపడా నీరుందని చూపితేనే అనుమతి. పైగా పత్తి చేను తాగే నీటితో పోలిస్తే అదే నేలలో కట్టిన ఇళ్లు తాగేది తక్కువ. 2023 జూన్‌లో, వచ్చే వందేళ్ల అవసరాల్లో నాలుగు శాతానికి భూగర్భ జలాలు చాలవని తేలడంతో, కేవలం బోర్ల మీద ఆధారపడే కొత్త లేఅవుట్లకు అనుమతులను ప్రభుత్వం నిలిపివేసింది. ఇప్పటికే అనుమతి ఉన్నవాటికి ఇబ్బంది రాలేదు.

ప్రమాదం ఉన్నది చట్టం సందుల్లో కట్టిన ఇళ్లకు. అయిదు ప్లాట్లకు మించకుండా భూమిని ముక్కలు చేస్తే వందేళ్ల నిబంధన వర్తించదు. స్కాట్స్‌డేల్ పక్కన రియో వెర్డే ఫుట్‌హిల్స్‌లో అలా వెలిసిన వందలాది ఇళ్లకు ట్యాంకర్ల నీరే ఆధారం. ఆ నీటిని స్కాట్స్‌డేల్ నగరం 2023 జనవరి 1 నుంచి ఆపేసింది. రాష్ట్ర చట్టసభ కల్పించుకుని తాత్కాలిక ఏర్పాటు చేసేవరకు అక్కడివారు వాననీరు పట్టుకుని, పళ్లేలు కడిగే పని లేకుండా కాగితం పళ్లేల్లో తిని గడపవలసి వచ్చింది. కొండలు కనిపించే విశాలమైన ఇల్లు చవకగా వస్తున్నప్పుడు ముందు అడగవలసింది నీరు ఎవరు ఇస్తున్నారన్నదే.

ఊపిరితిత్తుల సంగతి

పొడిగాలి కోసం క్షయ రోగులు వెతుక్కుంటూ వచ్చిన నేలలోనే ‘వ్యాలీ ఫీవర్’ అనే శిలీంద్ర వ్యాధి ఉంది. కాక్సిడియాయిడిస్ అనే శిలీంద్రం ఎడారి మట్టిలో బతుకుతుంది. దుమ్ము రేగినప్పుడు దాని బీజాలు ఊపిరితిత్తుల్లో చేరతాయి. అమెరికాలో ఈ వ్యాధి ఎక్కువగా నమోదయ్యేది అరిజోనాలోనే. సోకిన చాలామందికి లక్షణాలే కనిపించవు. అరవై దాటినవారిలో, మధుమేహం ఉన్నవారిలో న్యుమోనియాలా ముదిరే అవకాశం ఎక్కువ. మామూలు యాంటీబయాటిక్‌లు పనిచేయవు.

ఇక్కడ తెలుగువారికి ప్రత్యేకంగా పనికొచ్చే సంగతి ఒకటుంది. ఈ వ్యాధి ఎక్స్‌రేలో క్షయలా కనిపించగలదు. ఫీనిక్స్‌లో కొన్ని నెలలుండి తిరిగి వచ్చిన పెద్దలకు దగ్గు, జ్వరం, నీరసం తగ్గకపోతే, తాము ఏ ఊరిలో ఉండి వచ్చిందీ ఇక్కడి వైద్యుడికి చెప్పడం అవసరం. చెప్పకపోతే క్షయ మందులు మొదలుపెట్టే ప్రమాదం ఉంది.

మనవళ్లకు అనుమతి లేని వీధులు

సన్ సిటీ వంటి చోట్ల ఇంటికొకరైనా 55 ఏళ్లు దాటినవారు ఉండాలి. 19 ఏళ్లలోపువారు శాశ్వతంగా నివసించకూడదు. కుటుంబాలను పిల్లలున్నారన్న కారణంతో కాదనకూడదని అమెరికా గృహ చట్టం చెబుతున్నా, 80 శాతం ఇళ్లలో 55 దాటినవారుంటే మినహాయింపు ఉంది; ఆ మినహాయింపు పొందడాన్ని 1995 నాటి చట్టం సులభం చేసింది.

ఈ ఏర్పాటు వెనుక ప్రశాంతత ఒక్కటే కాదు, డబ్బు కూడా ఉంది. పిల్లలు లేని ఊరికి బడి పన్ను ఎందుకన్న వాదనతో సన్ సిటీ వాసులు పాఠశాలలకు అప్పు తెచ్చే బాండ్ల ప్రతిపాదనలను ఓటింగులో పదే పదే ఓడించారు. చివరికి 1970లలో ఆ ప్రాంతాన్ని పియోరియా పాఠశాల జిల్లా నుంచి విడదీశారు. సన్ సిటీకి ఈనాటికీ పురపాలక సంఘం లేదు. వినోద కేంద్రాలను నడిపేది సభ్యత్వ రుసుములతో సాగే సంస్థ, వీధుల బాగోగులు కౌంటీవి, ఎన్నో పనులు స్వచ్ఛంద సేవకులవి. ఆ సేవకులూ వృద్ధులే కావడం దాని బలం, బలహీనత కూడా. అటువంటి నిబంధన నిలవకపోతే ఏమవుతుందో యంగ్‌టౌన్ చూపింది: తాతయ్య అమ్మమ్మల దగ్గర మనవడు ఉండటంపై రేగిన వివాదంలో నిబంధన చట్టబద్ధంగా చేసుకున్నది కాదని తేలి, 1998లో రద్దయింది. ఇప్పుడక్కడ పిల్లలున్న కుటుంబాలు మామూలే.

ఒక వలస వెంట మరో వలస

వృద్ధుల వలసలను అధ్యయనం చేసిన యూజీన్ లిట్వాక్, చార్లెస్ లాంజినో 1987లో ఒక నమూనా ప్రతిపాదించారు. దాని ప్రకారం మలివయసులో ఇల్లు మారడం ఒక్కసారితో ఆగదు. మొదటిది, ఆరోగ్యం బాగున్నప్పుడు దంపతులు కోరి చేసే వలస. రెండోది, భాగస్వామి పోయాకనో, రోజువారీ పనులు కష్టమయ్యాకనో పిల్లల దగ్గరికి చేరే వలస. మూడోది సంరక్షణ కేంద్రానికి.

ఎడారి నగరం మొదటి వలస కోసం కట్టింది. రెండో దశ వచ్చేసరికి అక్కడి సుగుణాలే భారమవుతాయి. అరిజోనా సాధారణ డ్రైవింగ్ లైసెన్సు 65 ఏళ్లు వచ్చేదాకా చెల్లుతుంది. ఆ తర్వాత అయిదేళ్లకోసారి కంటి పరీక్షతో పునరుద్ధరించుకోవాలి. అంటే చాలామంది సరిగ్గా అక్కడికి చేరే వయసులోనే గడియారం తిరగడం మొదలవుతుంది. లైసెన్సు వదులుకున్నాక జూలైలో బస్సు కోసం పది నిమిషాలు నిలబడటం న్యూయార్క్‌లో నిలబడినట్టు కాదు. సన్ సిటీ వీధుల్లో గోల్ఫ్ బండ్లకు అనుమతి ఉండటం వల్ల మార్కెట్‌కు, క్లబ్బుకు కొన్నేళ్లు గడుస్తుంది. నిపుణుడైన వైద్యుడి దగ్గరికి గడవదు.

వైద్య బీమాలోనూ ఇదే మడత ఉంది. మూల మెడికేర్‌ను అంగీకరించే వైద్యులు దేశమంతా ఉంటారు. ప్రైవేటు సంస్థలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాలు చవక, కానీ సాధారణంగా ఒక ప్రాంతపు ఆసుపత్రులకే పరిమితం. ఏడాదిలో సగం అరిజోనాలో, సగం మిన్నెసోటాలో ఉండేవారికి ఇది పెద్ద చిక్కు. మూల మెడికేర్‌కు తోడుగా తీసుకునే మెడిగ్యాప్ పాలసీని, 65 దాటి పార్ట్ బీ (మెడికేర్‌లో వైద్యుల ఫీజులను భరించే భాగం) మొదలైన ఆరు నెలల్లో పాత జబ్బులతో నిమిత్తం లేకుండా పొందవచ్చు. ఆ గడువు దాటాక చాలా రాష్ట్రాల్లో, అరిజోనాతో సహా, సంస్థ కాదనవచ్చు. ఇక స్నానం చేయించడం, అన్నం పెట్టడం వంటి దీర్ఘకాలపు చాకిరీకి ఏ మెడికేరూ డబ్బివ్వదు. ఆ ఖర్చును పిల్లల చేతులు తీరుస్తాయి, లేదా ఇల్లు అమ్మిన డబ్బు తీరుస్తుంది.

ఈ లెక్క గ్రహించినవారు ఎంచుకునే మార్గం ‘స్నోబర్డ్స్’ది: అక్టోబరు చివర వచ్చి ఏప్రిల్‌లో వెళ్లిపోవడం. రెండు ఇళ్ల ఖర్చు భరించగలిగితే ఇదే అన్నిటికంటే వివేకవంతమైన పద్ధతి. భరించలేనివారికి ఎత్తు ఒక ప్రత్యామ్నాయం. ఫీనిక్స్ సముద్ర మట్టానికి 330 మీటర్ల ఎత్తులో ఉంటే టూసాన్ 730 మీటర్ల ఎత్తులో కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. 1,600 మీటర్లు దాటిన ప్రెస్కాట్‌లో శీతాకాలం మంచు కూడా పడుతుంది.

తెలుగు తల్లిదండ్రుల దారి వేరు

చాండ్లర్‌లో ఇంటెల్, ఉత్తర ఫీనిక్స్‌లో టీఎస్‌ఎంసీ చిప్ కర్మాగారాల వల్ల ఆ ప్రాంతంలో తెలుగు ఇంజినీర్ల కుటుంబాలు పెరిగాయి. వారి తల్లిదండ్రులు అక్కడికి చేరే తీరు లిట్వాక్, లాంజినో నమూనాకు తలకిందులు. ఎండ కోసమో గోల్ఫ్ కోసమో కాక, నేరుగా రెండో వలసతోనే, పిల్లల కోసం, మనవల కోసం వెళ్తారు. అందువల్ల ఒంటరితనం, సంరక్షణ అనే పెద్ద సమస్యలు వారికి కొంత తీరినట్టే. కారు విషయంలో మాత్రం వారు మొదటి రోజు నుంచే ఎనభై ఏళ్లవారితో సమానం. మారికోపా పట్టణంలో ఉన్న మహాగణపతి ఆలయానికి వెళ్లాలన్నా కొడుకో కోడలో బండి తీయాలి.

వీరు వెళ్లే కాలం గురించి ఒక్క మాట. పిల్లల బడి సెలవులు చూసుకుని మే, జూన్ నెలల్లో టికెట్లు కొనడం రివాజుగా మారింది. విజిటర్ వీసా మీద సాధారణంగా ఇచ్చే ఆరు నెలలు అలా చాలావరకు వేసవిలోనే గడిచిపోతాయి. తెల్లవారుజామున అయిదింటికి నడక ముగించి రోజంతా నాలుగు గోడల మధ్య ఉండవలసి వస్తుంది. పెరట్లోకి చెప్పుల్లేకుండా అడుగుపెట్టే అలవాటు అక్కడ అరికాళ్లు బొబ్బలెక్కిస్తుంది. అదే టికెట్ అక్టోబరులో కొంటే ఆరు నెలలూ ఆరుబయట తిరగవచ్చు. సందర్శకుల బీమాలు సాధారణంగా పాత జబ్బులను మినహాయిస్తాయి కాబట్టి వడదెబ్బతో మొదలై కిడ్నీ దాకా పోయే ఆసుపత్రి బిల్లులో ఎంత భాగం చెల్లుతుందో ముందే చెప్పలేం.

గ్రీన్‌కార్డుతో శాశ్వతంగా స్థిరపడే తల్లిదండ్రులకు లెక్క ఇంకోలా ఉంటుంది. 65 దాటినా, అమెరికాలో అయిదేళ్లు ఎడతెగకుండా నివసించాకే మెడికేర్ కొనుక్కునే అర్హత వస్తుంది; అప్పటిదాకా బజారులో దొరికే ప్రైవేటు బీమాయే గతి. అక్కడ ఉద్యోగం చేసి పన్ను కట్టిన చరిత్ర లేనివారికి ఆసుపత్రి ఖర్చులను భరించే పార్ట్ ఏ ఉచితం కాదు. 2025 ధరల ప్రకారం దానికి నెలకు 518 డాలర్లు, పార్ట్ బీకి 185 డాలర్లు, వెరసి మనిషికి 703 డాలర్లు. దంపతులకు పద్నాలుగు వందలు దాటే ఈ మొత్తం నెలనెలా పిల్లల జీతంలోంచే వెళ్తుంది. ఆ అయిదేళ్ల లెక్కలో ఇంకో మెలిక ఉంది. ఏటా వేసవికి హైదరాబాద్ వచ్చి ఎక్కువ నెలలు ఉండిపోతే ఎడతెగని నివాసానికి భంగం కలగవచ్చు, అంటే ఎండను తప్పించుకోవడానికి స్నోబర్డ్స్ వాడే ఉపాయం వీరికి మొదటి అయిదేళ్లూ అంత తేలిగ్గా అందుబాటులో ఉండదు.